భీం చేతిలో జెండా సరే, దాని మీద రాసిందెవరు?



పోయినేడు ఆశ్వయుజ పున్నమికి మా హాస్టల్లో కొమురం భీం వర్ధంతి చేసినం. ఎనిమిదో తరగతి తమ్ముడొకడు మైకు పట్టుకుని భయం లేకుండ మాట్లాడిండు. "భీం ఢిల్లీ పోయి తెల్లదొరను చంపి మల్లిని తెచ్చిండు" అన్నడు. హాలంతా చప్పట్లు. నేనూ కొట్టిన. రూముకొచ్చినంక మాత్రం మనసున పట్టలేదు. వాని మాటల్లో జోడేఘాట్ లేదు, నిజాం లేడు, 12 ఊర్లు లేవు, భూమి లేదు. తప్పు వానిది కాదు. వానికి భీం గురించి చెప్పింది సినిమా ఒక్కటే.

ఈ పోస్టు అందుకే. కొంచెం పెద్దది, ఓపికతో చదవండి.

సినిమాను మార్క్సిస్టు చూపుతో చూద్దాం అంటే మనలో కొందరు వెనక్కి తగ్గుతారు. ఎర్రజెండా, కేసులు, పోలీసులు యాదికొస్తరు. నేను చెప్పేది పార్టీ సంగతి కాదు, చూసే పద్ధతి సంగతి. పైగా ఆ పద్ధతికి అడవితో పాత చుట్టరికం ఉంది. 1842లో మార్క్స్‌కి 24 ఏళ్లు. జర్మనీలో రైన్ ప్రాంతపు పత్రికలో రాస్తున్నాడు. అక్కడి పేదలు అడవిలో రాలిన ఎండుపుల్లలు ఏరుకునేవాళ్లు. అది తాతల నాటి అలవాటు. దాన్ని దొంగతనంగా మార్చే చట్టం గురించి అక్కడి శాసనసభలో చర్చ జరిగింది. మార్క్స్ ఆ చర్చ మీద వరసగా వ్యాసాలు రాశాడు. తాను ఆర్థిక విషయాల వైపు తిరగడానికి ఇదొక కారణమని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. నిన్నటిదాకా నా పుల్ల, ఇయ్యాల నీ సొత్తు ఎట్లయింది? ఈ ప్రశ్న మన అవ్వలు బీటు ఆఫీసర్ని అడిగే ప్రశ్నే కదా!

సినిమాకి కూడా ఇదే ప్రశ్న వేయాలి. తెర మీద అడవి ఉంటే, అది ఎవరి చేతిలో ఉంది? పని ఎవరు చేస్తున్నారు, లాభం ఎవరికి పోతోంది? కొట్లాట ఎట్ల మొదలై ఎట్ల ముగిసింది? ముగిసినప్పుడు నిజంగా ఏం మారింది?

ముందు 'ఆర్ఆర్ఆర్'. 2022లో వచ్చింది, వెయ్యి కోట్లు దాటి వసూలు చేసింది. నేను రెండుసార్లు చూసిన, ఈలలు కూడా వేసిన. అబద్ధమెందుకు?

చరిత్రలో కొమురం భీం కొట్లాడింది నిజాం సర్కారుతో. గొడవ పోడు భూమి మీద, పశువుల మేత మీద, అటవీ సిబ్బంది జులుం మీద. 1940లో జోడేఘాట్ దగ్గర ప్రాణమిచ్చాడు. అల్లూరి సీతారామరాజు వెంట 1922 నుంచి 1924 దాకా మన్యం లేచింది కూడా పోడును అడ్డుకున్న అటవీ చట్టం మీద, రోడ్డు పనుల్లో వెట్టి మీద. అంటే ఇద్దరి పోరాటాలూ అడవి దగ్గరే పుట్టాయి. సినిమా ఏం చేసింది? ఇద్దర్నీ తీసుకుపోయి ఢిల్లీలో పెట్టింది. అడవి మొదట్లో అందమైన బొమ్మగా కనిపిస్తుంది. అందులో పోడు లేదు, పన్ను లేదు, గార్డు లేడు. భీం కొట్లాట ఒక పాపను ఇంటికి తెచ్చే కథ అయింది.

"సినిమానే కదా, కల్పన అని ముందే చెప్పారు కదా" అంటారు. నిజమే, చెప్పారు. కానీ కల్పనకు ఎటైనా పోయే స్వేచ్ఛ ఉంది. మరి అది భూమిని తీసేసే వైపే ఎందుకు పోయింది? శత్రువు ఒక చెడ్డ దొర అయితే, ఆ దొర చస్తే కథ సుఖాంతం. శత్రువు చట్టం అయితే, దొర పోయినా ఇంకొకడు ఆ కుర్చీలో కూర్చుంటాడు. అప్పుడు ప్రేక్షకుడు హాయిగా ఇంటికి పోలేడు. మా నాయన పోడు పట్టా కోసం ఎన్ని ఏండ్లు తిరిగిండో నాకు తెలుసు. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చినంక కూడా తిరిగిండు. ఆయన్ని ఆపింది ఏ స్కాట్ దొరా కాదు, ఒక సంతకం లేని కాగితం.

ఇక చివరి సీను. ఏం కావాలో అడుగు అంటాడు రామ్. చదువు కావాలంటాడు భీం. చదువు అడగడం తప్పు కాదు, మనమంతా దాని కోసమే ఊరు విడిచి వచ్చినం. కానీ 'జల్ జంగల్ జమీన్' అన్న మాట మనకు భీం పేరు మీద వచ్చిన మాట. సినిమాలో దాన్ని జెండా మీద రాసేది రామ్ చేయి. ఒకడు అమాయకుడు, బలముంది. ఇంకొకడికి తెలివి ఉంది, దారి చూపిస్తాడు. మన ఒళ్లు మాత్రం తెర నిండా చూపించి, మన ఆలోచనను వేరేవాళ్ల చేతికి ఇచ్చారు. దీన్నే భావజాలం అంటారు. అది ఉపన్యాసంలా రాదు, పాటతో, ఈలతో కలిసి వస్తుంది.

'పుష్ప' ఇంకో రకం. 2021లో వచ్చిన ఈ సినిమాలో అడవి ఉంది, కూలీ ఉన్నాడు, లాభం లెక్క కూడా ఉంది. మంగళం శీను ఇచ్చే రేటుకీ, చెన్నైలో పలికే రేటుకీ ఎంత తేడా ఉందో పుష్పరాజ్ కనిపెడతాడు. అదనపు విలువ గురించి ఇంత తేలికగా చెప్పిన సినిమా తక్కువ. కానీ కనిపెట్టి ఏం చేస్తాడు? పై వాటాలో తన వాటా అడుగుతాడు. దుంగలు నరికిన కూలీల వాటా అడగడు. ఒక్కడు సిండికేట్ కుర్చీ ఎక్కుతాడు, మిగతావాళ్లు వాడి వెనక డాన్సు చేస్తారు. కూలీ గెలిచాడని మనం సంబరపడతాం. గెలిచింది కూలీ కాదు, కూలీతనం వదిలేసి యజమాని అయినవాడు.

అదే శేషాచలంలో 2015 ఏప్రిల్ 7న 20 మందిని ఎన్‌కౌంటర్లో కాల్చి చంపారు. తమిళనాడు నుంచి వచ్చినవాళ్లు. వాళ్లలో పలువురు జవ్వాది కొండల ఆదివాసీలు. వాళ్లలో ఎవరూ సిండికేట్ నడిపినవాళ్లు కాదు. తెర మీద గొడ్డలి పట్టినవాడు రాజు అవుతాడు, కొండ మీద గొడ్డలి పట్టినవాడు శవమవుతాడు. ఈ రెండిటి మధ్య దూరాన్నే విమర్శ చూపించాలి.

సినిమా తీసే డబ్బు సంగతి కూడా చూడాలి. అల్లాణి శ్రీధర్ 'కొమరం భీం' సినిమా 1990లో తీశారు. థియేటర్లోకి వచ్చేసరికి 2010 అయింది. 20 ఏళ్లు! కథ ఉంటే చాలదు, డబ్బాను బయటికి తెచ్చే పెట్టుబడి, థియేటర్ ఎవరి చేతిలో ఉన్నాయో వాళ్ల భీమే పిల్లలకు తెలుస్తాడు.

సినిమాలు చూడొద్దని నేను చెప్పను. చూడండి, నేనూ చూస్త. కానీ ఇంటర్వెల్లో పక్కోడిని ఒక మాట అడగండి: "ఇందులో భూమి ఏడ పోయింది రా?"

ఆ తమ్ముడిని నేను మర్నాడు పిలిచిన. కోప్పడలేదు. ఈసారి సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ తాతను ఒకటే అడుగు, మన చేను మొదట ఎవరు కొట్టిండ్రు, ఎవరు ఆపిండ్రు అని చెప్పిన. వాడు వచ్చి నాలుగు పేజీలు రాసుకొచ్చిండు. అందులో హీరో లేడు. ఊరుంది, గార్డు ఉన్నడు, జరిమానా రసీదు ఉంది. వచ్చే పున్నమికి మైకు మళ్లీ వానికే ఇస్తం.

మీ హాస్టళ్లలో కూడా అట్ల రాయించండి. తప్పుగా రాసి ఉంటే కింద చెప్పండి, దిద్దుకుంట.

జై ఆదివాసీ!