చెమ్మకు సిమెంటు మందు కాదు

పాత యింటి గోడ చెమ్మెక్కినదనగానే తాపీమేస్త్రీని పిలిచి, సున్నము గీకించి, దళసరిగా సిమెంటు మెత్తించి, దానిపై నీరంటని రంగు వేయించిన చాలుననియు, అప్పటికిని కుదురనిచో ఆ యిల్లు పడగొట్టి స్లాబు వేసికొనుట మేలనియు రంపచోడవరము మొదలు రాజమహేంద్రవరము వఱకు చదువుకొన్నవారును చదువుకొననివారును ఏకకంఠముతో చెప్పుచున్నారు. బహుజనసమ్మతమైన యీ యభిప్రాయము నిరాధారమైనది. పేదవాని చేతి డబ్బును నీళ్ళపాలు చేయునట్టిది. నీరెక్కడ దారి తప్పినదో కనిపెట్టక గోడకు చేయు చికిత్స యెంతటిదైనను వ్యర్థమని నా వాదము.

మట్టిగోడయు, గానుగసున్నముతో కట్టిన యిటుకగోడయు నీటిని పీల్చును. పీల్చినదానిని మరల గాలికి విడుచును. పునాది క్రింది తడి సూక్ష్మరంధ్రముల వెంట పైకెగబ్రాకి, సాధారణముగా మూడడుగుల యెత్తునకు మించకుండ ఆవిరియై పోవును. వానకాలమున పీల్చినది వేసవిలో విడుచుచు ఆ గోడలు తరముల తరబడి నిలిచినవి. 1824లో ఇంగ్లండున జోసెఫ్ ఆస్ప్‌డిన్ పేటెంటు పొందిన పోర్ట్‌లాండు సిమెంటును నేను నిందింపను; వంతెనకును, నీళ్ళతొట్టికిని, చెమ్మనాపు పొరను పునాదిపై వేసి క్రొత్తగా కట్టు గోడకును అది తగును. కాని గాలి పీల్చుచు బ్రదుకుచున్న పాతగోడను దానితో కప్పినచో ఆవిరి పోవు దారి మూతపడును. నీరు మాత్రము క్రిందినుండి వచ్చుట మానదు. అది సిమెంటు పట్టీ అంచును దాటి యింకను పైకెక్కును.

రంపచోడవరములో నేను చూచిన యొక పాత పెంకుటింట జరిగినది సరిగా నిదియే. మూడడుగుల యెత్తు సిమెంటు మెత్తిరి. మఱుసటి వానలకు నెమ్ము గీత ఆ పట్టీకి జానెడు పైన నల్లని బూజుతో తేలినది. ఉలి పిడితో తట్టగా పట్టీ డొల్లగా మ్రోగెను. ఒక పెచ్చు ఊడదీయగా దాని వెనుక ఉప్పు తెల్లని నూగుగా పేరుకొని యుండెను. లోపలి పచ్చియిటుక బొటనవ్రేలితో నొక్కిన దిగబడెను. ఇంతకును ఆ నీరు ఆకాశమునుండి దిగినది కాదు, భూమినుండి యూరినది కాదు. గోడకావలి స్నానాలగది తూము నేలమట్టమున పగిలి, పోసికొన్న ప్రతి చెంబెడు నీటిలో కొంత పునాదిలోనికే పోవుచుండెను. తూము బాగుచేయించుట సిమెంటు పనికంటె ఎంతో చౌక. అయినను ముందుగా తూమును చూడవలెనని ఎవరికిని తోచకపోవుటకు కారణము అజ్ఞానము కాదు. కనబడు మచ్చను మాయము చేయుటయే మరమ్మతనెడి దురభిప్రాయము.

దాగిన నీటిజాడ పట్టుటకు ఖరీదైన యంత్రములు కావలెననుట మఱియొక భ్రమ. వాన వెలసిన వెంటనే పైకప్పున మచ్చ పెరిగినచో దోషము పెంకులదో, డాబాదో, పిట్టగోడ మొదలున గల పగులుదో అయి యుండును. నడివేసవిలో గూడ గోడ నడుమ ఒకేచోట చెమ్మ ఆరకున్నచో లోపలి గొట్టమును శంకింపవలెను. గోడలో పాతిన పాత జీఐ పైపులు లోలోపల త్రుప్పుపట్టి ఎల్బోల వద్ద బొట్టుబొట్టుగా కారును. రాత్రి కొళాయిలన్నియు కట్టి, డాబాపై ట్యాంకులో నీటిమట్టము వద్ద సుద్దగీత గీచి, తెల్లవారి చూచినచో ఆ సంగతి తేలిపోవును. మరుగుదొడ్డి ఫ్లష్ ట్యాంకులో రంగునీళ్ళు కలిపి, మీట నొక్కకుండ అరగంట యుంచినను గిన్నెలోనికి రంగు దిగినచో రాత్రియంతయు నీరు పోవుచున్నదనుటకు వేఱు సాక్ష్యమక్కఱలేదు. గోడకొక ప్లాస్టిక్ కాగితపు ముక్కను అంచులన్నియు అంటించి ఒకటి రెండు దినములుంచుడు: చెమట కాగితము వెలుపల పట్టినచో అది గదిలోని గాలిది, కిటికీ తెరచుటయే మందు, లోపల పట్టినచో గోడలోనిది. ఇవి యేవియు తెలియకయే, గదిలో తడిబట్టలారవేయుటవలన పట్టిన బూజునకు గోడలు పగులగొట్టించుకొన్నవారు కలరు.

స్లాబుకు చెమ్మ యుండదను మాటయు నిలువదు. కొండరెడ్లు వెదురు తడికలకు మట్టి మెత్తి, గడ్డి కప్పి, చూరు బాగుగా క్రిందికి దింపుదురు. ఏటేట గడ్డి మార్చు శ్రమయు, నిప్పు భయమును ఉన్నమాట నిజమే గాని, కొండవాన గోడను కొట్టకుండ కాచునది ఆ చూరే. నేడు కట్టు పెట్టెల వంటి స్లాబు ఇండ్లలో పెక్కింటికి చూరు లేదు. వానజల్లు నేరుగా గోడపై పడును. పగులు వెంట దిగిన నీటికి ఊచ త్రుప్పుపట్టి ఉబ్బును. కాంక్రీటు పెచ్చులుగా ఊడును. 2023లో ఆరంభమైన పీఎం జన్‌మన్ పథకము క్రింద కొండరెడ్లవంటి ఆదిమ తెగలకు పక్కా ఇండ్లు కట్టించుట హర్షింపదగిన పనియే. ఆ యిండ్లకు రెండడుగుల చూరును, గోడ చుట్టును నీరు వెలికి పారు వాలును చేర్చనిచో, వానికిని ఈ సిమెంటు పూతల వైద్యమే ప్రాప్తించును.

పండుగకు రంగు పడవలెను, నెలల తరబడి ఆగుట యెట్లని అడుగుదురు. తడిసిన గోడ అంగుళము మందమునకు ఇంచుమించు ఒక నెల చొప్పున ఆరునని తెలిసినవారి లెక్క. తొమ్మిదంగుళముల గోడను వారములో బాగుచేసెదనని చెప్పువాని మాట నమ్మరాదు. వానలు వెనుకబట్టగానే కారుచోటు కట్టించి, సిమెంటును చెమ్మగీతకు అడుగెత్తున పైదాక ఊడగొట్టించి, ఉప్పును పొడి చీపురుతో ఊడ్పించి, గోడను ఉన్నదున్నట్లు విడిచిపెట్టవలెను. రోహిణికార్తె ఎండలకు ఇంకను తడి మిగిలినచో మఱుసటి యేడు వఱకైనను ఆగవలెను. ఆరినచో మృగశిరకు ముందే సున్నపుపూత వేయించుకొనవచ్చును.