మౌనము వహించినవారి ప్రేమకథలు

అమెరికా దేశపు పుస్తకముల అంగళ్లలో ఒక తెగ నవలలను దూరమునుండియే పోల్చుకొనవచ్చును. అట్టమీద తెల్లని బట్టటోపీతో తల కప్పుకొన్న యువతి, ఆమె వెనుక పండిన చేను, చేని గట్టున నల్లని గుర్రపుబండి. కథ యేదైనను బొమ్మ యించుమించుగా నిదియే. ఆమిష్ అను చిన్న క్రైస్తవ సంఘమును ఆధారముగా చేసికొని వ్రాయబడు ప్రేమకథ లివి. 2012వ సంవత్సరమున ఇట్టి క్రొత్త నవలలు 85 వెలువడినట్లు, ఈ సాహిత్యమును పరిశోధించి 2013లో గ్రంథము ప్రకటించిన వాలెరీ వీవర్-జర్చర్ లెక్కగట్టిరి. నాలుగు దినముల కొకటి చొప్పున నన్నమాట.

ఇం దొక విచిత్రము కలదు. తమ రూపమును పటముగా నిలుపుకొనుట అహంకారమునకు దారితీయునని నమ్మిన ఆమిష్‌లు ఛాయాచిత్రమునకు ఎదురుగా నిలువరు. కావున నియమము తప్పని ఆమిష్ యువతి యెవతెయు ఆ అట్టమీద ఉండజాలదు. లోపలి కథ వ్రాసినవారును చాలవరకు ఆ సంఘమునకు వెలుపలివారే. చదువువారిలో అత్యధికులును వెలుపలివారే. ఎవరిని గూర్చి ఇంత వ్రాయబడుచున్నదో వారు మాత్రము పెదవి విప్పరు. తమకు అన్యాయము జరిగినదని న్యాయస్థానమున దావా వేయుట వారి ధర్మము కాదు. పత్రికలలో వాదమునకు దిగుట వారి అలవాటు కాదు. బదులు పలుకనివారి కథను చెప్పునపుడు రచయిత వారికి ఏమి ఋణపడి యుండును? ఈ ప్రశ్నను అడుగుటకు ఆమిష్ నవలల కంటె తగిన తావు లేదు. అందును చరిత్రను వస్తువుగా గైకొన్న ప్రేమకథలలో ఆ ఋణము మరింత పెద్దది.

ఆ సంఘముయొక్క పుట్టుక చీత్కారములతోను మరణశిక్షలతోను ముడివడి యున్నది. 1525లో జ్యూరిచ్ నగరమున కొందరు యువకులు శిశువులకు బాప్తిస్మ మిచ్చుట చెల్లదనిరి. తెలిసి, నమ్మి, తనంత తాను కోరినవానికే బాప్తిస్మ మీయవలె ననిరి. వారిలో నొకడగు ఫీలిక్స్ మాంజ్‌ను 1527లో నగరాధికారులు లిమ్మట్ నదిలో ముంచి చంపిరి. అనాబాప్టిస్టులని పేరొందిన ఈ జనమునుండి 1693 ప్రాంతమున, స్విట్జర్లాండు అల్సేసు ప్రాంతములలో, యాకోబ్ అమ్మన్ అను సంఘపెద్ద తన అనుచరులతో వేరుపడెను. నియమము తప్పినవానిని వెలివేయుటలో ఎంత కఠినముగా నుండవలె ననునదియే ఆ చీలికకు ముఖ్యకారణము. 18వ శతాబ్దిలో వారు పెన్సిల్వేనియాకు వలసపోవ నారంభించిరి. యూరపులో మిగిలిన చివరి ఆమిష్ సంఘము 1937లో ఇతర మెన్నొనైట్లతో కలిసిపోయినది. నేడు ఉత్తర అమెరికాలో వారి సంఖ్య సుమారు 4 లక్షలు.

తెలుగు పాఠకునకు ఈ వృక్షము బొత్తిగా క్రొత్తది కాదు. మహబూబ్‌నగర్, జడ్చర్ల, శంషాబాదు ప్రాంతములలోని మెన్నొనైట్ బ్రదరెన్ సంఘములు ఆ అనాబాప్టిస్టు వృక్షపు మరొక కొమ్మయే. అయితే ఆ కొమ్మ కారును, విద్యుత్తును, కళాశాలను వలదనలేదు. ఆమిష్‌లు మాత్రము లోకమునుండి ఎడముగా నుండుటనే ధర్మముగా నెంచి, వస్త్రమునుండి వాహనమువరకు అన్నిటికిని హద్దులు ఏర్పరచుకొనిరి. ఆ హద్దుల కట్టుబాటును వారు ఆర్డ్‌నుంగ్ అందురు. దానికి మూలమైన మనోభావమును గెలాసెన్‌హైట్ అందురు. తన ఇచ్ఛను విడిచి దైవమునకు, సంఘమునకు తన్ను అప్పగించుకొనుట అని దాని భావము. శరణాగతి యన్న మన మాట దానికి చాల దగ్గరగా నుండును.

ఇక్కడనే నవలాకారునకు చిక్కు వచ్చిపడుచున్నది. ప్రేమకథకు ప్రాణము "నాకు కావలెను" అను మాట. ఆమిష్ జీవితమునకు ప్రాణము ఆ మాటను దిగమ్రింగుట. ఈ రెండును నిజముగా ఢీకొన్నచో గొప్ప నవల పుట్టును. ఢీకొనినట్లు నటించి, చివరి అధ్యాయమున నాయిక కోరికయు సంఘము కోరికయు ఒక్కటియేనని తేల్చివేసినచో అట్ట మాత్రమే మిగులును.

ఆ సంఘర్షణ యెచ్చట నుండునో తెలిసికొనవలెనన్న ఒక చిన్న నియమమును గమనింపవలెను. బాప్తిస్మము పొందకముందు సంఘమును విడిచిపోయినవానికి వెలి లేదు. పొందిన పిమ్మట పోయినవానికి వెలి తప్పదు. కట్టుబాటు గట్టిగా నున్న చోట్ల కన్నతల్లియైనను అతనితో ఒకే బల్లవద్ద భోజనము చేయరాదు. పెండ్లి కావలెనన్న ముందు ఇరువురును బాప్తిస్మము పొంది యుండవలెను. అనగా ఆమిష్ యువతి ప్రియునకు మాట యిచ్చుటకు ముందు సంఘమునకు మాట యిచ్చుచున్నది. ఆ మొదటి మాటకును రెండవ మాటకును నడుమ గల కాలమే ఆమె జీవితమున నిజమైన కథాస్థలము. దీని నెరిగిన రచయితకు టోపీని, గుర్రపుబండిని వర్ణించు పని అంతగా ఉండదు.

ఈ శాఖ యెట్లు పెరిగినదో చూతము. 1905లో హెలెన్ రైమెన్‌స్నైడర్ మార్టిన్ "సబైనా" అను నవలను ఆమిష్‌ల కథగా ప్రకటించినది. పెన్సిల్వేనియా జర్మను పల్లెజనమును మోటువారిగా, కఠినులుగా చూపుట ఆమె రచనలపై వచ్చిన ఆక్షేపణ. అటువంటి చిత్రణకు బదులుగా, ఆమిష్ కుటుంబమున జన్మించిన జోసెఫ్ డబ్ల్యు. యోడర్ 1940లో "రోజన్నా ఆఫ్ ది ఆమిష్" వ్రాసెను. అది ఆయన తల్లి కథ. ఐర్లండునుండి వలసవచ్చిన దంపతులకు పుట్టి, తల్లిని కోల్పోయి, ఒక ఆమిష్ స్త్రీ చేతిలో పెరిగిన ఆడుబిడ్డ ఆమె. పెరిగి, తన వంశ మేదియో తెలిసిన పిమ్మటను, ఆమిష్‌గానే నిలిచి ఆమిష్ యువకుని పెండ్లాడినది.

దీని ప్రక్కన 1997లో బెవర్లీ లూయిస్ వ్రాసిన "ది షన్నింగ్" ను, అనగా వెలిని గూర్చిన నవలను, ఉంచి చూడవలెను. పది లక్షల ప్రతులకు పైగా అమ్ముడుపోయి నేటి వెల్లువకు దారితీసిన గ్రంథ మది. అందలి నాయికయు పెంపుడుబిడ్డయే. నిషిద్ధమైన సంగీతముపై, సొగసుపై ఆమెకు మక్కువ యెక్కువ. ఆమెను కన్నతల్లి ఆమిష్ స్త్రీ కాదనియు, ధనిక యనియు తరువాత బయటపడును. కథనమున నేర్పు కలదు, సందేహము లేదు. కాని కోరికను రక్తమునకు అంటగట్టుటతో పెద్ద ప్రశ్న జారిపోయినది. ఆమిష్ తల్లిదండ్రులకే పుట్టిన పిల్లకు పాట పాడుకొనవలెనని తోచదా? తోచినపుడు ఆమె యేమి చేయును? యోడర్ తల్లి జీవితమున రక్తము ఒక దారి చూపగా పెంపకము వేరొక దారి చూపినది. ఆమె తెలిసి యెంచుకొన్నది. అందుచేతనే ఆ పాత పుస్తకము సాదాగా నున్నను నమ్మదగినదిగా తోచుచున్నది.

ఇక చరిత్ర వంతు. 1757 సెప్టెంబరులో, ఇంగ్లీషువారును ఫ్రెంచివారును పోరుచుండిన కాలమున, పెన్సిల్వేనియా సరిహద్దునందలి నార్త్‌కిల్ అను ఆమిష్ పల్లెలో యాకోబ్ హోచ్‌స్టెట్లర్ ఇంటిని డెలవేర్, షానీ యోధులు చుట్టుముట్టిరి. కుమారులు వేటతుపాకులు అందుకొనిరి. తండ్రి వలదనెను. ఒకని ప్రాణము తీసి తమ ప్రాణము కాచుకొనుట తమ విశ్వాసము కాదని ఆయన నిశ్చయము. ఇల్లు తగులబడినది. భార్య, ఒక కుమారుడు, ఒక కుమార్తె హతులైరి. తండ్రియు, మరి ఇద్దరు కుమారులును బందీలైరి. మరుసటి యేట ఆయన తప్పించుకొని వచ్చెను. కుమారులు తిరిగివచ్చుటకు మరికొన్ని సంవత్సరములు పట్టెను.

ఈ రాత్రిని వస్తువుగా గైకొని ఎర్విన్ స్టట్జ్‌మన్ 2013లో "జేకబ్స్ చాయిస్" ను, బాబ్ హోస్టెట్లర్, జె. ఎం. హోచ్‌స్టెట్లర్ కలిసి 2014లో "నార్త్‌కిల్" ను వెలువరించిరి. వీరందరును ఆ వంశీయులే. ఇక్కడ శాంతి చేని గట్టున కనబడు చల్లని దృశ్యము కాదు. తండ్రి మాటకు తుపాకి దించి, కన్నతల్లి చావును చూచిన కుమారుడు ఆ తండ్రిని ఎట్లు ప్రేమింపవలెను? తానొక స్త్రీని చేపట్టి ఇల్లు నిలిపినపుడు, అట్టి రాత్రి మరల వచ్చినచో ఏమి చేయవలెను? ప్రేమకు ఇంతకంటె గట్టి పరీక్ష యేది? 2006 అక్టోబరులో నికెల్ మైన్స్ బడిలో ఒకడు ఐదుగురు ఆమిష్ బాలికలను కాల్చి చంపి తానును చనిపోయినపుడు, ఆ పల్లెవారు హంతకుని భార్యను ఓదార్చిరి, అతని సమాధి కార్యమునకు వెళ్లిరి. లోకము విస్తుపోయినది. నార్త్‌కిల్ నెరిగినవారికి అది ఒక్కనాటి ఉద్రేకముగా తోచదు. రెండున్నర శతాబ్దుల అభ్యాసముగా తోచును. క్షమను చివరి పుటలో తేలికగా పంచిపెట్టు నవలలు ఈ అభ్యాసముయొక్క బరువును చూడలేదు.

చరిత్ర యన్న పేరు పెట్టుకొన్నందులకు రచయిత వహింపవలసిన భారము మరొకటి కలదు. సుజాన్ వుడ్స్ ఫిషర్ 2015లో వ్రాసిన "అన్నాస్ క్రాసింగ్" 1737లో అనేక ఆమిష్ కుటుంబములను ఫిలడెల్ఫియాకు చేర్చిన "చార్మింగ్ నాన్సీ" ఓడపై నడచిన ప్రేమకథ. ఓడలోని వడ్రంగికిని ఆమిష్ యువతికిని నడుమ కథ. ఆ ఓడ తీరము చేరినది అక్టోబరులో. దానికి కొలది దినముల ముందు, అదే సంవత్సరము సెప్టెంబరులో, అదే పెన్సిల్వేనియాలో మరొకటి జరిగినది. ఒక మనిషి ఒకటిన్నర దినమున నడచునంత నేల తమకు చెందునన్న పాత పత్రమును చూపి, ఆ వలసరాజ్యపు యజమానులగు పెన్ సోదరులు ముందుగా దారి సిద్ధము చేయించి, వేగముగా పోగల మువ్వురిని పెట్టి, డెలవేర్ జనముయొక్క విశాలమైన భూమిని కాజేసిరి. ఆమిష్‌లు దిగిన నేల అదియే కాదు. ఆ మోసమున వారికి చేయి లేదు. అయినను ఇరువది యేండ్లకు నార్త్‌కిల్ గడపను తాకిన మంటకు ఆ కొనుగోలు ఒక మూలము. ఆయుధము పట్టనివారికి నేల దొరికినది. ఆ నేలను సంపాదించిన విధానము మాత్రము శాంతియుతమైనది కాదు. ఈ చేదును చెప్పక, సముద్రయానమును, పెండ్లిని మాత్రమే చెప్పిన కథ సగము చరిత్రయే యగును. నేటికిని సంఘమునందే యున్న లిండా బైలర్ తన "హెస్టర్" కథలలో ఒక ఆదివాసి శిశువును ఆ కాలపు ఆమిష్ దంపతుల ఇంట పెరుగనిచ్చి, ఈ చిక్కును కొంతవరకైనను ఇంటిలోనికి తెచ్చినది.

ఈ నవలలు చదువువారిని పరిహసించుట సులభము. మాకు ఆ యుద్దేశము లేదు. క్షణము తీరిక నీయని జీవితమునను, శృంగారము సంతలో సరకైన కాలమునను, పెండ్లికి ముందు చేయి పట్టుకొనుటకే తడబడు జంటను గూర్చి చదువవలెనని కోరుట తప్పు కాదు. ఆమిష్ స్త్రీలలోను ఈ నవలలు చదువువారు కలరని వీవర్-జర్చర్ పరిశీలనలో తేలినది. కాని విశ్రాంతి కొరకు మనము వెళ్లు ఊరిలోని ప్రజలకు విశ్రాంతియే జీవితమని భ్రమపడరాదు. 1972లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానము, ఆమిష్ పిల్లలను ఎనిమిదవ తరగతి దాటి చదివింపవలెనని నిర్బంధింపరాదని తీర్పు చెప్పినది. సంఘమున కది గొప్ప విజయము. అప్పుడు న్యాయమూర్తి విలియం డగ్లస్ భిన్నాభిప్రాయము వ్రాయుచు, తల్లిదండ్రుల కోరిక విన్నాము గాని పిల్లల కోరిక యేదియో అడుగవలదా అనెను. చదువవలెనన్న ఆశ గల పదునాలుగేండ్ల ఆడుపిల్ల కథ ఏ ప్రేమకథకును తీసిపోదు. అట్టి పిల్ల అట్టమీది బొమ్మలో ఇముడదు గనుక, అంగడి ఆమెను అంతగా అడుగదు.

అడివి బాపిరాజు, నోరి నరసింహశాస్త్రి ప్రభృతుల చారిత్రక నవలలు చదివి పెరిగిన మనకు ఈ సాహిత్యప్రక్రియ చిరపరిచితము. వారు చెప్పినది తమ పూర్వుల కథ. ఎచ్చటనైన పొరపాటు దొరలినచో ఎత్తిచూపుటకు పండితులును పాఠకులును సిద్ధముగా నుండిరి. ఆమిష్‌ల పక్షమున అట్లు ఎత్తిచూపువారు అరుదు. కావుననే వారిని గూర్చి వ్రాయు రచయిత తన్ను తానే ప్రశ్నించుకొనవలసి యున్నది. వారిని దూషించుట ఎంత తప్పో, ముగ్ధముగా పొగడి బొమ్మలుగా నిలుపుటయు అంత తప్పే. మన కొండలలోని చెంచులను, కోయలను గూర్చి వ్రాయు మన రచయితలకును ఈ మాట వర్తించును.

యోడర్ తన తల్లి కథను వ్రాయునపుడు ఆమెను ఎరిగినవారు చదువుదురను భయభక్తులతో వ్రాసి యుండును. వెలుపలి రచయితకు ఆ భయము సహజముగా నుండదు. దానిని ప్రయత్నించి తెచ్చుకొనవలెను. ప్రేమికు లిరువురును ఒకటియైరని చెప్పి కథ ముగించుట అందరికిని చేతనగును. వారు దేనిని విడిచి ఒకటియైరో, ఆ విడిచినదాని విలువ యెంతయో చెప్పిననాడు ఆ మౌనజనమునకు చెల్లింపవలసిన ఋణములో కొంతయైనను తీరును.