దగ్గరి పురస్కారం

జాతీయ బహుమతికి లేని వీలొకటి ప్రాంతీయ గ్రంథ పురస్కారానికి ఉంది. రచయిత బతికి ఉండగానే, పుస్తకం ఇంకా అంగట్లో దొరుకుతుండగానే దాన్ని అందించవచ్చు. ఏలూరు, తాడేపల్లిగూడెం, తణుకు పరిసరాల సాహిత్య చరిత్ర చూస్తే ఆ వీలు ఎంత విలువైనదో తెలుస్తుంది.

తణుకు దగ్గర మండపాకలో పుట్టిన దేవరకొండ బాలగంగాధర తిలక్ 1966లో కన్నుమూశారు. ‘అమృతం కురిసిన రాత్రి’ పుస్తకంగా వచ్చింది 1968లో. దానికి సాహిత్య అకాడమీ అవార్డు దక్కింది 1971లో. అత్తిలి ప్రాంతంలోని తిరుపతిపురంలో పుట్టిన పాలగుమ్మి పద్మరాజు సంగతీ అంతే. న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ కథల పోటీలో ‘గాలివాన’ 1952లోనే ద్వితీయ బహుమతి గెలుచుకుంది. అదే పేరుగల సంపుటికి 1985 అకాడమీ అవార్డు ప్రకటించేనాటికి ఆయన లేరు. ఇందుకు అకాడమీని తప్పుపట్టలేం. భాషకు ఏటా ఒక్క పుస్తకాన్నే ఎంచుకోవలసిన సంస్థ చెయ్యి అందరిదాకా చాచలేదు.

భీమవరం ప్రాంతపు అడివి బాపిరాజు విషయంలో అలా జరగలేదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో ఏర్పడింది. అది పెట్టిన నవలల పోటీలో 1934లో బాపిరాజు ‘నారాయణరావు’, విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’తో బహుమతి పంచుకుంది. అప్పటికి బాపిరాజుకు నలభై నిండలేదు. ‘హిమబిందు’, ‘గోన గన్నారెడ్డి’ ఆ తరువాత వచ్చినవే. తెలుగునాట పుట్టిన సంస్థ తన రచయితలను సకాలంలో గుర్తించిన సందర్భాల్లో ఇంతకంటే గొప్పది వెతకడం కష్టం.

ప్రచురణకర్త మాట పురస్కార సభల్లో అరుదుగా వినిపిస్తుంది. ఏలూరు మాత్రం అచ్చుతోనూ పేరు పొందిన ఊరు. మంజువాణీ ముద్రాక్షరశాల పేరు గత శతాబ్ది తొలినాళ్ల పుస్తకాల మీద కనిపిస్తుంది. వెంకట్రామ అండ్ కో పాఠ్యపుస్తకాలు ఏ మారుమూల బడిలోనైనా ఉండేవి. ఇప్పుడు డీటీపీ, ప్రూఫులు, ముఖచిత్రం, కాగితం ఖర్చు చాలావరకు రచయిత మీదే పడుతున్నాయి. ‘ప్రతులకు’ అన్న చోట తరచు రచయిత ఇంటి చిరునామాయే ఉంటుంది. అచ్చుతప్పులు లేకుండా, చక్కటి కూర్పుతో పుస్తకం తెచ్చిన చిన్న ప్రచురణ సంస్థకు విడిగా బహుమతి ఉండి తీరాలి.

పుస్తకం ఏ నేల గురించి చెబుతుందో ఆ నేల న్యాయనిర్ణేతలకు తెలిసి ఉండటం మరో అవసరం. ఉదాహరణకు, కొల్లేరు సరస్సు 1999లో అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాకెక్కింది. 2006లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. అక్కినేని కుటుంబరావు ‘కొల్లేటి జాడలు’ ఈ సరస్సు బతుకును నవలగా చెప్పింది. వసంత కన్నబిరాన్ అనువాదంతో ఇంగ్లీషు పాఠకులకూ అందింది. అభయారణ్యానికి హద్దైన ఐదో కాంటూరు అంటే ఏమిటో, లంక ఊళ్లో ఆ మాట ఎవరి పొలాన్ని, ఎవరి వేటను తాకుతుందో ఎరిగినవారు అలాంటి నవలను చదివే తీరు వేరు. ఆ మనుషుల పలుకుబడి ఎక్కడ నిజమో, ఎక్కడ అతికినదో వారి చెవికి ఇట్టే తెలుస్తుంది.

నగదు ఎంతన్నది పెద్ద విషయం కాదు. ఫ్రాన్సులో గోంకూర్ బహుమతి కింద చేతికిచ్చేది 10 యూరోలే, ఆ పేరు పడ్డాక పుస్తకం లక్షల్లో అమ్ముడవుతుంది. తెలుగు పుస్తకం సాధారణంగా అయిదు వందలో వెయ్యో ప్రతులు వేస్తారు. శాలువా, జ్ఞాపిక వాటిని కదిలించలేవు, కొనుగోలు కదిలిస్తుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా వసూలవుతుంది. పురస్కారం పొందిన పుస్తకాలను ఆ నిధితో కొని కైకలూరు, ఆకివీడు, తాడేపల్లిగూడెం మొదలు లంక గ్రామాల శాఖా గ్రంథాలయాల దాకా పంపాలి. రచయితను పిలిచి అక్కడి పాఠకుల ముందు కూర్చోబెట్టాలి. పురస్కార సభ జరిగిన ఏడాదిలోనే ఆ కొనుగోలు పూర్తికావాలి.