పలుచని పొర

చేతివ్రేలితో తాకినంతనే అద్దముమీది చిత్రము పెద్దదగుట, అక్షరములు కదలుట నేడు పసిబిడ్డకును వింత కాదు. సెల్‌ఫోను వాడుటలో మనుమలు తాతలకు గురువులగుచున్నారు. నా మనుమరాలు నాకు నేర్పినదే గదా! ఇందుకు నేను సంతోషింతును. కాని వాడుట వచ్చినంతమాత్రమున ఆ వస్తువు మనకు తెలిసినట్లేనా? కాదని నా అభిప్రాయము.

బాలబాలికలారా, ఒక చిన్న పరీక్ష చేయుడు. వ్రేలికి దళసరి గుడ్డ చుట్టుకొని ఆ అద్దమును తాకుడు. అది పలుకదు. నీటిచుక్కలు పడినపుడో, ఎవరును తాకకయే పిచ్చిపట్టినట్లు కదలును. ఏల?

ఆ అద్దముపై కంటికి కానరాని పలుచని పొర యొకటి కలదు. ఇండియము, తగరము అను లోహముల ఆక్సైడులతో దానిని చేయుదురు. లోహము విద్యుత్తును పోనిచ్చును గాని వెలుతురు నడ్డగించును. గాజు వెలుతురును పోనిచ్చును గాని విద్యుత్తును పోనీయదు. ఈ పొరయో రెండింటిని పోనిచ్చును. మన దేహము విద్యుద్వాహకము. కావున వ్రేలు సమీపింపగానే పొరమీది విద్యుదావేశమున స్వల్పమైన మార్పు కలుగును. ఆ మార్పు ఏ చోట కలిగెనో లెక్కగట్టి యంత్రము మన కోరికను గ్రహించును. గుడ్డ వ్రేలిని దూరముగా నుంచును. నీరు వ్రేలివలె నటించి యంత్రమును మోసపుచ్చును.

దీనిని మొదట తలపెట్టినవారు ఆటపాటలకై తలపెట్టలేదు. ఇంగ్లండునందు మాల్వర్న్ పట్టణములోని రాయల్ రాడార్ సంస్థలో పనిచేసిన ఇ. ఎ. జాన్సన్ 1965లో ఇట్టి తెరను గూర్చి ప్రకటించెను. విమానముల రాకపోకలను నడపువారి పని సులభము చేయుట ఆయన ఉద్దేశము. జెనీవా చెంతనున్న సెర్న్ పరిశోధనాలయములో ఒక మహాయంత్రమును నడపుటకు వేలకొలది మీటలు కావలసివచ్చెను. అన్ని మీటలను గోడనిండ పరచుటకు మారుగా, ఒకే తెరపై 16 మీటలుంచి వాని అర్థమును పనిని బట్టి మార్చవచ్చునని బెంట్ స్టుంపె అను ఇంజనీరు 1972 మార్చి 11న చేతివ్రాతతో సూచించెను. చిక్కును చక్కగా చూడగలుగుటయే వీరి గొప్పతనము.

ఇట్టిదే మరియొక పలుచని పొర మన హైదరాబాదులో నున్నది. పెక్కుమందికి దాని సంగతి తెలియదు. టాటా మౌలిక పరిశోధన సంస్థవారు 1969లో అచ్చట బెలూన్ కేంద్రమును స్థాపించిరి. జాతరలో అమ్ము బుడగలు కావివి. వీని పొర పాలిథిలీనుతో చేసినది. ఇట్టి పొరలు సుమారు 20 మైక్రానుల మందము మాత్రమే యుండును. ఏబది పొరలను పేర్చిన ఒక మిల్లీమీటరగును. పొడవైన పట్టీలను అంచుకు అంచు చేర్చి వేడితో అతుకుదురు. నేల విడుచునపుడు బెలూను చాలవరకు వ్రేలాడు వట్టి సంచివలె నుండును. ముప్పది కిలోమీటర్ల యెత్తున గాలియొత్తిడి ఇచ్చటిదానిలో నూరవ వంతునకు దగ్గరగా తగ్గును. లోని హైడ్రోజను వ్యాపించుకొలది పొర విప్పారును. అతుకులో సూదిమొన యంత లోపమున్నను శ్రమయంతయు వ్యర్థము.

ఇక అసలు చిక్కు వినుడు. మనది ఎండలదేశము గదా, మన ఆకాశము వెచ్చగా నుండునని తలతుము. నేనును అట్లే తలచితిని. తెలుగు పండితుడను, భౌతికశాస్త్రము నాకు అంతంతమాత్రము. నిజము వేరు. ఉష్ణమండలమున గాలి చల్లబడుట చాల యెత్తువరకు సాగును. పదునారు పదునేడు కిలోమీటర్ల యెత్తున చలి సున్నకు దిగువ 80 డిగ్రీల దాపున నుండును. శీతలదేశముల ఆకాశమునకు చాలిన పొర ఇచ్చట పెళుసెక్కి పగులును. ఆ చలిలోను మెత్తన చెడని పొరను ఎన్నుకొని, బెలూనులను ఇచ్చటనే కుట్టు పని మనవారు సాధించిరి. కొనుటకు సిద్ధముగా లేనిదానిని చేసికొనవలెను గదా.

2005 ఏప్రిల్ 20న ఇచ్చటినుండి 2 కోట్ల 67 లక్షల ఘనపుటడుగుల బెలూను 459 కిలోగ్రాముల సామగ్రితో లేచెను. అందు 38 కిలోగ్రాముల ద్రవ నియాను కలదు. దాని చల్లదనమున ఉక్కుగొట్టములలోనికి 20 మొదలు 41 కిలోమీటర్ల యెత్తులనుండి గాలిని గ్రహించిరి. ఆ గాలిలో మూడు క్రొత్తజాతుల సూక్ష్మజీవులు కనబడినట్లు 2009లో ప్రకటించిరి. ఒకదానికి ఆర్యభటుని పేరు పెట్టిరి. సూక్ష్మజీవులను గుర్తించినవారిని మెచ్చుకొంటిమి, మంచిదే. అతుకు వేసినవారిని ఎవరు తలచిరి? నా దృష్టిలో ఆ అతుకు ఈ అన్వేషణకు ఏమాత్రమును తీసిపోదు.

ఉపగ్రహములుండగా బెలూనులేల యని కొందరందురు. బెలూను ఎగురు ఎత్తునకు మామూలు విమానము పోజాలదు. ఉపగ్రహము అంత దిగువన తిరుగజాలదు. అంతేకాక, బెలూను మోసిన పరికరములు గొడుగువంటి పారాచూటుతో నేలకు దిగి మరల పనికివచ్చును. అవి దిగునది పొలములలోనే. 2022 డిసెంబరులో స్పెయిను దేశపు సంస్థయొకటి పంపిన ఖాళీ పేటిక వికారాబాదు జిల్లా పొలములో దిగగా జనము విరుగబడి చూచిరి. పెట్టె దొరికిన విప్పరాదనియు, లోపల అపాయకరమైన విద్యుత్తు ఉండవచ్చుననియు, పోలీసులకు తెలుపవలెననియు కేంద్రమువారు ప్రకటనలు చేయుదురు.

నేను ప్రధానోపాధ్యాయుడనుగా నున్న యొక గ్రామమున అట్టి పెట్టె పడెను. తెల్లవారునప్పటికి దానిని విప్పిరి. పారాచూటు గుడ్డ గడ్డివామిపై కప్పబడెను. మూడవనాడు వచ్చిన ఉద్యోగి విరిగిన పరికరములను గోనెసంచిలో ఏరుకొని, ఎవరిని పల్లెత్తు మాట అనక వెడలెను. త్రాళ్ళలో నొకటి మా పాఠశాలకు చేరెను. దానిని జెండాకొయ్యకు కట్టించితిని. అటుపై నాలుగేండ్లు ఆగస్టు పదునైదవనాడు ఆ త్రాడునే లాగి పతాకము నెగురవేసితిని. అది ఎచ్చటిదని ఒక బాలుడడుగగా, "బజారుదే" యంటిని.