నడిత్రోవ నాగిన బండి

పూండి రైల్వే స్టేషను నుండి వజ్రపుకొత్తూరు వైపునకు పోవు త్రోవలో, జీడితోటల నడుమ, ఒక కారు హఠాత్తుగా ఆగిపోయిన దనుకొందము. నడుపువాడు తాళము త్రిప్పును. టిక్కుమను చప్పుడు తప్ప మఱేమియు వినరాదు. దీపములు మినుకుమని యారిపోవును. నలుగురు కలిసి వెనుకనుండి త్రోసినను ఇంజను పలుకదు. ఎవరో యొకరు మోటారు సైకిలుపై కాశీబుగ్గకు పోయి మెకానిక్కును వెంటబెట్టుకొని వచ్చునప్పటికి రెండు గంటలు గడచును. ఆతడు బ్యాటరీ మొనలను గీకి, తీగెను బిగించి, "ఉప్పుగాలికి తినేసిందండి బాబూ" యని తన కూలి పుచ్చుకొని వెడలిపోవును. యజమాని తన యదృష్టమును నిందించుకొని యిల్లు చేరును. ఇంతటితో కథ ముగిసినది. ఈ కథ యే దస్త్రములోనికిని ఎక్కదు. ఎక్కకపోవుటయే మా యాక్షేపణము.

ఆ కారులో నున్నవారు పెండ్లికి పోవువారైనచో ఆ యాలస్యము తరువాత నవ్వులాటగా చెప్పుకొనదగిన ముచ్చట. కాని యిది ఉద్దానము. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతములలో మూత్రపిండ వ్యాధి యెన్ని యిండ్లను గుల్లచేసినదో మన పాఠకులకు క్రొత్తగా చెప్పవలసిన పనిలేదు. దానికి మూలకారణ మిదియని శాస్త్రజ్ఞులు నేటికిని నిశ్చయముగా తేల్చలేకయున్నారు. వ్యాధి ముదిరినవారు వారమునకు రెండు మూడు పర్యాయములు డయాలిసిసు కేంద్రమునకు పోయి, పోయినప్పుడెల్ల నాలుగేసి గంటలు యంత్రము నంటుకొని యుండవలయును. 2023వ సంవత్సరము డిసెంబరు 14వ తేదీన పలాసలో మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రమును, 200 పడకల ఆసుపత్రియు ప్రారంభింపబడినవి. మంచిదే. కాని ఆసుపత్రి రోగి గుమ్మమునకు రాదు. రోగియే ఆసుపత్రి గుమ్మమునకు పోవలయును. ఆతనిని చేర్చునది పెక్కు తావుల ఒక ఆటోయో, ఇద్దరు ముగ్గురు రోగులు వంతులు వేసికొని కుదుర్చుకొన్న అద్దె కారో. వేళ తప్పినచో పడక మఱొకరికి పోవును. ఒక విడత తప్పిపోయిన రోగికి ఒంట నీరు చేరును, ఊపిరి యాడదు. రక్తమున పొటాషియము పెరిగి గుండె లయ తప్పుటయు గలదు. అట్టి రోగిని కూర్చుండబెట్టుకొని జీడితోటల నడుమ ఆగిపోయిన బండిని గూర్చి "కొంచెము అసౌకర్యము కలిగినది" యని యనువాని నోటికి హద్దు లేదనవలయును.

ఈ ఉప్పుగాలి మాట నిజమే. నౌపడ ఉప్పుమళ్ల నానుకొని బ్రదుకు వారికి దానిని గూర్చి యొకరు నేర్పవలసిన పనిలేదు. కిటికీ చువ్వలు, సైకిలు గొలుసులు, ఇంటి తాళపు కప్పలు ఎంత త్వరగా త్రుప్పుపట్టునో వారెఱుగుదురు. ఆ గాలియే కారు బోనెట్టు క్రింద దూరినచో రాగితీగెల కొసలకు చిలుము పట్టును. బ్యాటరీ మొనలపై తెల్లని పొడి గడ్డకట్టును. ఇంజను నుండి చట్రమునకు పోవు ఎర్తు తీగె బిగువు పైకి చక్కగనే యున్నను లోపల తినివేయబడును. సెల్ఫు మోటారు తిరుగుటకు వందల ఆంపియర్ల విద్యుత్తు కావలయును. చిలుము పట్టిన కొస గుండ అంత ప్రవాహము సాగదు. దీపము వెలుగును, హారను మ్రోగును, సెల్ఫు మాత్రము తిరుగదు. బ్యాటరీ చచ్చిపోయినదని భ్రమించి వేలకు వేలు పోసి క్రొత్త బ్యాటరీ కొని, మఱునాడు మరల అదే టిక్కుటిక్కు విన్నవా రెందరో గలరు.

ఇక నిప్పురవ్వ సంగతి. పెట్రోలు ఇంజనులో 12 వోల్టుల బ్యాటరీ విద్యుత్తును కాయిలు అనునది 20,000 వోల్టులకు పైగా పెంచి స్పార్కు ప్లగ్గునకు పంపును. డీజిలు బండికి ఈ నిప్పురవ్వతో పనిలేదు గాని, సెల్ఫు మోటారునకును, నేటి యింజనుల నడుపు కంప్యూటరునకును బ్యాటరీయే దిక్కు. చేతితో హ్యాండిలు త్రిప్పు బాధను తప్పించి 1912లో కాడిలాక్ కారునకు విద్యుత్తు సెల్ఫు అమర్చిన కెటరింగు మహాశయుడు లోకమునకు గొప్ప మేలు చేసినమాట నిజమే. అయినను 2014 వఱకు మనదేశమున తయారైన అంబాసిడరు కారును నడిపిన వృద్ధ డ్రైవర్లను అడిగి చూడుడు. పాత బండ్లలో కాంటాక్టు పాయింట్లు మాడినచో ఇంజను ముందుగా దగ్గును, తడబడును, తన బాధను తాను చెప్పుకొనును. డ్రైవరు గరుకు కాగితము ముక్కతో పాయింట్లను రుద్ది, అరగంటలో దారిన బడెడివాడు. నేటి బండి దగ్గదు. లోపల నొక సెన్సారు వేడికి పాడైనచో క్షణములో నిలిచిపోవును. చల్లారిన పిమ్మట ఏమియు ఎఱుగనట్లు మరల నడచును. మెకానిక్కు వచ్చునప్పటికి దోషము కనబడదు. యజమాని అబద్ధమాడినట్లు అగుపించును!

ఈ చల్లారి నడచు దోషము ఒక మహాసంస్థను న్యాయస్థానమునకు ఈడ్చిన సంగతి మన పాఠకులలో కొందఱకైనను తెలిసియుండవచ్చును. అమెరికాలో ఫోర్డు సంస్థవారు 1983 మొదలు పెక్కు సంవత్సరములు తమ కార్లలో ఇగ్నిషన్ మాడ్యూలు అను పరికరమును ఇంజను వేడి సోకు తావున, డిస్ట్రిబ్యూటరుపైననే బిగించిరి. వేడికి అది చెడి, కార్లు నడిరోడ్డున ఆగిపోవుచుండెను. 2000 సంవత్సరమున కాలిఫోర్నియాలోని యొక న్యాయమూర్తి ఆ రాష్ట్రమున సుమారు 17 లక్షల బండ్లను సంస్థవారు వెనుకకు పిలిచి బాగుచేయవలయునని యాజ్ఞాపించెను. సంస్థవారు దోషము నంగీకరింపక, తుదకు రాజీపడిరి.

దానికంటె ఘోరమైనది జనరల్ మోటార్సు వారి తాళపు స్విచ్చు వృత్తాంతము. ఆ స్విచ్చులోని స్ప్రింగు బలహీనమైనది. తాళపుగుత్తి బరువుగా నున్నను, చక్రము గుంతలో పడి బండి కుదిపినను, తాళము తనంతట తాను వెనుకకు జారి, నడచుచున్న ఇంజను ఆగిపోయెడిది. ఇంజనుతోపాటు స్టీరింగునకు తోడ్పడు శక్తియు పోవును. ఢీకొన్నప్పుడు ప్రాణము కాపాడవలసిన గాలిసంచులును విచ్చుకొనవు. సంస్థలోని ఇంజనీర్లు ఈ జారుడును 2014కు పెక్కేండ్లు ముందే యెఱుగుదురు. ఐనను వారి కాగితములలో అది ప్రమాద మను శీర్షిక క్రింద గాక, కొనుగోలుదారుని సౌకర్యమునకు సంబంధించిన చిన్న విషయముగా నమోదైనది. 2006లో స్విచ్చును గుట్టుగా మార్చిరి గాని దాని సంఖ్యను మార్చలేదు. అందుచేత పాతదేదో క్రొత్తదేదో తెలియక పరిశోధకులు ఏండ్ల తరబడి తికమకపడిరి. 2014లో సుమారు 26 లక్షల కార్లను వెనుకకు పిలిచిరి. సంస్థ యేర్పఱచిన నష్టపరిహార నిధియే 124 మరణములను అంగీకరించి పరిహార మిచ్చినది. ఒక్క మాటను తప్పు గడిలో వ్రాసినందులకు చెల్లిన వెల ఇది.

అంత పెద్ద దేశములో, అంత చదువరులైన ఇంజనీర్ల నడుమ అట్లు జరిగినప్పుడు, మన తీరప్రాంతపు త్రోవలపై ఆగిపోవు బండ్ల సంగతి యెవరికి పట్టును? మనకును చట్టము లేకపోలేదు. 2019లో మోటారు వాహనముల చట్టమునకు చేసిన సవరణ వలన 110ఎ అను సెక్షను వచ్చినది. దోషముగల బండ్లను వెనుకకు పిలువుమని తయారీదారును ఆజ్ఞాపించు నధికారము దానివలన కేంద్ర ప్రభుత్వమునకు కలిగినది. తత్సంబంధమైన నిబంధనలు 2021 ఏప్రిలు 1వ తేదీ నుండి అమలునకు వచ్చినవి. కాని యందొక మెలిక గలదు. ఒకే రకపు బండిని గూర్చి యింతమంది యజమానులు ఫిర్యాదు చేసిననే విచారణ కదలునట్లు సంఖ్యలు నిర్ణయింపబడినవి. ఏటి అమ్మకమును బట్టి ఆ సంఖ్య పెరుగును. అనగా వ్రాయబడిన ఫిర్యాదునకే విలువ. జీడితోటలో వినబడిన నిట్టూర్పు ఆ లెక్కకు రాదు. హైదరాబాదులోనో బెంగుళూరులోనో కారు ఆగిపోయినవాడు ఆ సాయంకాలమే కంపెనీవారికి ఘాటైన లేఖ వ్రాయును. మనవాడు ఉప్పుగాలిని తిట్టుకొని యూరకుండును. తయారీదారుల లెక్కలలో మన తీరము దోషరహితమైన ప్రాంతముగా అగుపించిన నాశ్చర్యమేమి?

ఇంకొక లోపమును గూడ చెప్పకతప్పదు. ఈ నిబంధనలు ఏడేండ్లు నిండని బండ్లకే వర్తించును. పల్లెటూళ్లలో అద్దెకు తిరుగు కార్లు పెక్కు పట్టణములలో ఒకరి చేతుల నలిగి, రెండవ మాఱు మూడవ మాఱు చేతులు మారి వచ్చినవి. రోగులను మోయు బండ్లకు చట్టము తలుపు మూసి, విందులకు తిరుగు క్రొత్త బండ్లకు తెఱచుట న్యాయమని మేము ఒప్పుకొనజాలము. పుట్టుకతో వచ్చిన దోషమునకు వయస్సుతో మాఫీ యేల? ఏడేండ్ల హద్దును పొడిగింపవలయునని మన పార్లమెంటు సభ్యులు అడుగుటకు ఇది తగిన విషయము.

ఇట్లనుటవలన తప్పంతయు కంపెనీలదే యని మా యభిప్రాయము గాదు. మనవారి చేష్టలును తక్కువవి గావు. నాలుగు రంగుల దీపములకు, చెవులు చిల్లులుపడు హారనుకు, పాటల పెట్టెకు అసలు తీగెలను కోసి ముడివేయించుకొనుట యొక వేడుకైపోయినది. ఫ్యూజు కాలినచో దాని స్థానమున రాగితీగె చుట్టు సాహసులును గలరు. వానకాలమున వెచ్చదనము కొఱకు బోనెట్టు క్రింద కాపురముండు ఎలుకలు తీగెల తొడుగులు కొఱికివేయుటయు తెలిసినదే. వానిని కంపెనీవారు పంపలేదు! నెలకొకసారి బ్యాటరీ మొనలను వేడినీటితో కడిగి, ఆరబెట్టి, కొంచెము వేజిలీను రాయుటకు పది నిమిషములు చాలును.

కాశీబుగ్గ, టెక్కలి మెకానిక్కుల విషయమై మాత్రము మాకు గౌరవమే గలదు. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను ఈ తీరమును కొట్టి, కొబ్బరిని జీడిని నేలగూల్చి, చెట్లతో త్రోవలు మూసివేసినప్పుడు బండి నడచుట యన నేమో ఈ ప్రాంతము కండ్లార చూచినది. ఆగిన బండి యొద్దకు ఇప్పటికిని ముందుగా వచ్చువాడు వీధి మెకానిక్కే. జాతీయ రహదారిపై ఆగినవారికి 1033 అను నంబరు గలదు. పూండి లోపలి త్రోవలకు అది వర్తింపదు. ఆ మెకానిక్కు చేతిలో పానా లున్నవి, అనుభవ మున్నది. కాని నేటి బండి కంప్యూటరు తన దోషమును చెప్పు భాషను కంపెనీలు తమ షోరూముల గోడలలోపల దాచుకొనుచున్నవి. తీగెల పటమైనను బయటివానికి దొరకుట దుర్లభము. కేంద్ర ప్రభుత్వమువారు 2022లో మరమ్మతు హక్కు కొఱకు ఒక సంఘమును నియమించి, ఆ డిసెంబరులోనే యొక వెబ్‌సైటును తెఱచిరి; అందు మోటారు వాహనములను గూడ చేర్చిరి. వెబ్‌సైటు తెఱచినంత మాత్రమున బోనెట్టు తెఱచుకొనదు. తీగెల పటములు, దోష సంకేతముల యర్థములు ఎల్ల మెకానిక్కులకును తగిన వెలకు ఇచ్చితీరవలయునని శాసనము రావలయును.

విద్యుత్తు కార్లు వచ్చినచో ఈ బెడద తీరునని కొందఱి యాశ. వాని యడుగున ఎంత పెద్ద బ్యాటరీ యున్నను, తలుపులను, కంప్యూటరును మేల్కొలుపునది ఆ పాత 12 వోల్టుల చిన్న బ్యాటరీయే. దానికి విద్యుత్తు నందించు పరికరము చెడుటవలననే 2024లో హ్యుందాయ్ సంస్థవారు మనదేశమున 1,744 అయానిక్ 5 కార్లను వెనుకకు పిలిచిరి. పిలిచినందులకు వారిని మెచ్చుకొనవలసినదే. దోషము కాగితముపైకి ఎక్కినచో ఏమి జరుగునో ఇది సాక్ష్యము.

కావున ఉద్దానపు వాహన యజమానులకు మా మనవి యిది. బండి ఆగినప్పుడు తేదీ, తావు, అంతవఱకు తిరిగిన కిలోమీటర్లు, ఇంజను వేడిగా నుండెనా చల్లగా నుండెనా, దీపములు వెలిగినవా లేదా యను సంగతులను ఫోనులోనైనను వ్రాసియుంచుడు. షోరూమునకు పోయినప్పుడు జాబ్ కార్డుపై "మామూలు తనిఖీ" యని వ్రాసి ఇచ్చినచో పుచ్చుకొనకుడు. "నడచుచుండగా ఇంజను ఆగినది" యను మాటనే పట్టుపట్టి వ్రాయించుడు. దాని ప్రతి యొకటి యింట నుంచుకొని, కేంద్ర రవాణా శాఖవారి వాహన్ వెబ్‌సైటున ఫిర్యాదు నమోదు చేయించుడు. కంపెనీ పెడచెవిని బెట్టినచో 1915కు ఫోను చేయవచ్చును. జిల్లా వినియోగదారుల కమిషనులో 5 లక్షల వఱకు విలువగల ఫిర్యాదునకు రుసుము సైతము లేదు. చదువుకొన్న పిల్లలున్న యింట ఇది యొక సాయంకాలపు పని.