ఫోర్ వీల్ డ్రైవ్ ఒక్కటే చాలదు

సంపాదకులకు,

డాలస్ నుంచి మిన్నెసోటాకు మారేవారు ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ ట్రక్కు కొంటే మంచుకు బెంగ ఉండదని గత సంచికలో మీ వ్యాసకర్త రాశారు. సగమే నిజం. నాలుగు చక్రాలూ తిరిగితే బండి మంచులో కదులుతుంది. ఆగాలంటే మాత్రం టైర్ల పట్టే దిక్కు. ఉష్ణోగ్రత 7 డిగ్రీల సెల్సియస్ కిందికి పోతే మామూలు టైరు రబ్బరు గట్టిపడుతుంది, వింటర్ టైరు మెత్తగానే ఉంటుంది. పైగా ఖాళీ పికప్‌కు వెనక బరువు తక్కువ, మలుపుల్లో ఇట్టే జారుతుంది. కెనడాలోని క్యుబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు చట్టరీత్యా తప్పనిసరి. మిన్నెసోటాలో ఆ నిబంధన లేదు, అందుకే టైర్లు మార్చడం వాయిదా వేస్తాం. టైరు పక్కభాగంలో మూడు శిఖరాల కొండ, అందులో మంచు రేకు గుర్తు ఉందో లేదో చూసి, నాలుగూ ఒకేసారి మార్పించండి. డబ్బు చాలకపోతే ట్రక్కు మోడల్ తగ్గించుకోండి, టైర్లు కాదు.

— ఒక పాఠకుడు, మినియాపొలిస్