నవ్విన నోళ్లకు ఒక 'టు' బాకీ
(భాష, కులం, మనం – 7వ భాగం)



తెలుగు సాహిత్యంల పీహెచ్‌డీ చేసినోనికి ఇంగ్లీషు క్రియలతోని ఏం పని అని కొందరు అడుగుతరు. పని ఉన్నది. ఓపికగ చదవండి.

మోత్కూర్ దగ్గరి పల్లె నుంచి వచ్చి చదువుకున్న నా విద్యార్థిని ఒకామె హైదరాబాద్‌ల ఒక ఉద్యోగం ఇంటర్వ్యూకు పోయింది. డిగ్రీల మంచి మార్కులే. అడిగిన ప్రశ్న సగమే అర్థమైంది. మర్యాదగనే అడిగింది: "సర్, ప్లీజ్ ఎక్స్‌ప్లెయిన్ మీ ద క్వశ్చన్." ఎదురుగ కూసున్నోళ్లు ఒకరి మొఖం ఒకరు చూసుకొని నవ్విండ్రట. "నిన్నే వివరించమంటవా?" అన్నడట ఒకాయన. ఇగ ఆమె నోరు తెరువలేదు. తర్వాత వచ్చిన రెండు ఇంటర్వ్యూలకు అసలు పోనే లేదు.

నెల దాటినంక వచ్చి నన్ను అడిగింది: "సార్, గివ్ మీ అంటరు. టెల్ మీ అంటరు. షో మీ అంటరు. ఎక్స్‌ప్లెయిన్ మీ అంటె ఎందుకు తప్పు?"

మిత్రులారా, ఇది వ్యాకరణం రాసేటోళ్లు అడిగే ప్రశ్న. నవ్వినోళ్లకు జవాబు తెలుసా? తెలువదనే నా అనుమానం. తప్పని వాళ్లకు తెలుసు, ఎందుకు తప్పో తెలువదు. చిన్నప్పటి నుంచి ఇంట్ల విన్నరు, కాన్వెంటుల విన్నరు, అట్ల అబ్బింది. అబ్బినదాన్ని ప్రతిభ అంటున్నరు. ఇంట్ల వినలేని పిల్ల లెక్కప్రకారం ఆలోచించి తప్పు చేస్తె తెలివి లేదంటున్నరు.

ఆ పిల్ల లెక్క చూడండి. తెలుగుల నాకు ఇయ్యి, నాకు చెప్పు, నాకు చూపియ్యి, నాకు వివరించు. క్రియ ఏదైనా పుచ్చుకునేటోని పక్కన 'కు' ఉంటది. ఒక్కటే సూత్రం. ఇంగ్లీషుల ఆ 'కు' రెండు తీర్ల వస్తది. గివ్ ద బుక్ టు మీ అనొచ్చు, అప్పుడు 'టు' కనిపిస్తది. గివ్ మీ ద బుక్ అనొచ్చు, అప్పుడు 'టు' మాయమైతది, సర్వనామం ముందుకు జరుగుతది. గివ్, టెల్, షో, సెండ్ రెండు తీర్లనూ ఒప్పుకుంటయి. ఎక్స్‌ప్లెయిన్, డిస్క్రైబ్, డొనేట్ ఒప్పుకోవు. ఎక్స్‌ప్లెయిన్ ద క్వశ్చన్ టు మీ అనాల్సిందే.

ఎందుకట్ల? ఇక్కడనే అసలు కథ ఉన్నది. 1066ల నార్మన్లు ఇంగ్లండును గెలిచిండ్రు. తర్వాత కొన్ని వందల ఏండ్లు కొలువుల ఫ్రెంచి, చర్చిల, చదువుల లాటిన్. పొలంల, పశువుల కొట్టంల ఇంగ్లీషు. గివ్, టెల్, షో, సెండ్ ఆ పాత జర్మానిక్ మాటలు, కాయకష్టం చేసేటోళ్ల నోట్లె మాటలు. ఎక్స్‌ప్లెయిన్, డిస్క్రైబ్, డొనేట్ లాటిన్ వైపు నుంచి వచ్చిన పెద్దింటి మాటలు. ఇంటి మాటలు 'టు' విడిచిపెట్టి దగ్గరికి రానిస్తయి. పెద్దింటి మాటల్ల ఎక్కువ శాతం దర్వాజ కాడ 'టు'ను నిలబెడుతయి. మినహాయింపులు లేవని అనను. సే పాత మాటే, దానికి 'టు' కావాలె. ప్రామిస్ లాటిన్ మాట, దానికి అక్కర లేదు. కాని మొత్తం మీద మొగ్గు ఇటే. మనకు ఇది కొత్త ముచ్చట కాదు. అన్నం–భోజనం, నీళ్లు–జలం, చావు–నిర్యాణం. మాటలల్ల ఊరు, వాడ మనకు తెలిసినయే.

సర్వనామం తోని ఇంకొక తిరకాసు. పిక్ అప్ ద బ్యాగ్ అనొచ్చు, పిక్ ద బ్యాగ్ అప్ అనొచ్చు. బ్యాగు జాగల 'ఇట్' పెడితె పిక్ ఇట్ అప్ ఒక్కటే సరైంది, పిక్ అప్ ఇట్ తప్పు. మరి లుక్ ఆఫ్టర్ ఇట్ అన్నప్పుడు 'ఇట్' నడిమిట్లకు రాదు, చివరనే ఉంటది. మా పిల్లలు డిస్కస్ అబౌట్ ఇట్ అంటరు. ఎందుకు? దాని గురించి మాట్లాడుకుందాం అంటం కాబట్టి. 'గురించి'ని వాళ్లు నిజాయితీగ అనువాదం చేసిండ్రు. ఇంగ్లీషు డిస్కస్ పొట్టల ఆ 'గురించి' ముందే ఉన్నదని ఎవలు చెప్పిండ్రు?

ఇగ రెండో సంగతి. నేను ఇంగ్లీషును ఎందుకు కావాలంటున్న?

మన తెలుగు క్రియ తోకల సర్వనామం ఉంటది. వచ్చిన అంటె నేను, వచ్చినవ్ అంటె నువ్వు, వచ్చిండు అంటె వాడు. ఆ తోకల కులం కూడ ఉంటది. మా తాతకు ఊళ్లె 'రా', 'పో'. దొర కొడుక్కు పదేండ్లున్నా 'రండి'. మా అవ్వ వచ్చింది, బర్రె వచ్చింది, బస్సు వచ్చింది, మూడింటికీ ఒకటే తోక. దొరసాని మాత్రం వచ్చిండ్రు. 1858ల వచ్చిన చిన్నయసూరి బాలవ్యాకరణం నామవాచకాలను మహత్తు, మహతి, అమహత్తు అని పంచింది. మగ మనిషిది మహత్తు. ఏకవచనంల ఆడమనిషి క్రియ పశువుల, వస్తువుల పక్కన నిలబడ్డది. దాన్ని తప్పించుకోవాలంటె బహువచన మర్యాద కావాలె. ఆ మర్యాద ఎవలికి దక్కిందో మన తల్లులను అడగండి.

ఇంగ్లీషుల కమ్ అంటె దొరకూ కమ్, జీతగానికీ కమ్. యు అంటె అందరికీ యు. ఇది ఆ భాష పుట్టుకతోనే తెచ్చుకున్న గుణం కాదు. అక్కడ కూడ ఒకప్పుడు చిన్నోనికి 'దౌ', పెద్దోనికి 'యు'. 17వ శతాబ్దంల క్వేకర్లు పెద్దోళ్లను కూడ 'దౌ' అనే పిలిచి తిట్లు తిన్నరు, దెబ్బలు తిన్నరు. చివరికి భాష అందరినీ 'యు' చేసింది. అంటె సర్వనామాలు మారుతయి. మనుషులు కొట్లాడితె వ్యాకరణం కదులుతది.

అయితె మోసపోవద్దు. ఇంగ్లీషు క్రియ తోకల కులం లేదు. దాన్ని ఇక్కడ వాడేటోళ్లు కులాన్ని తెచ్చి ఆ 'టు' మీద, 'అబౌట్' మీద కూసోబెట్టిండ్రు. ఏ పిల్ల ఇంట్ల మొదటిసారి చదువుకుంటున్నదో ప్రిపొజిషన్ పట్టిస్తది.

ఇద్దరితోని నా పంచాయితీ. ఒకరు మాతృభాష మాతృభాష అని సభలల్ల కన్నీళ్లు పెట్టుకునే పెద్దలు. మీ మనుమలు ఏ మీడియంల చదువుతున్నరో ముందు చెప్పండి. మా అమ్మల భాష మీ వాచకాలల్ల ఎన్నడు ఉన్నది? రెండో పంచాయితీ మనోళ్లతోనే. సావిత్రీబాయి ఫూలే 1854ల వచ్చిన కావ్య ఫూలేల ఇంగ్లీషును తల్లి అన్నది. 2010ల ఉత్తరప్రదేశ్‌ల బంకా గ్రామంల చంద్రభాన్ ప్రసాద్ ఇంగ్లీషు దేవికి గుడి మొదలుపెట్టిండు. ఆ ఆకలి నాకు తెలుసు. కాని దేవత వరమిస్తె ప్రిపొజిషన్లు రావు, ఎవలో ఒకరు కూసొని నేర్పాలె. 'వ్యాకరణం బ్రాహ్మణీయం, మనకెందుకు' అనే దోస్తులు ఒకటి యాదికుంచుకోండి. ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్ల బాబాసాహెబ్‌కు సంస్కృతం చెప్పనియ్యలేదు, పర్షియన్ తీసుకోవాల్సి వచ్చింది. వ్యాకరణం పనికిరానిదైతె దానికి అంత కాపలా ఎందుకు పెట్టిండ్రు?

తెలంగాణ సర్కారు బడులల్ల 2022–23 నుంచి ఇంగ్లీషు మీడియం అన్నరు. మంచిదే. మీడియం ఇచ్చిండ్రు, ఇంగ్లీషు ఇయ్యలేదు. పుస్తకం ఒక పేజీల తెలుగు, పక్క పేజీల ఇంగ్లీషు అచ్చేస్తె సరిపోదు. 'నాకు'ల ఉన్న 'కు' అక్కడ ఎప్పుడు 'టు' అయితది, ఎప్పుడు మాయమైతది, 'గురించి' ఎక్కడ మింగబడతది, ఇది పిల్ల సొంత మాట నుంచి మొదలుపెట్టి చెప్పే టీచరు కావాలె. ఇంట్ల మాట్లాడే భాష అడ్డం కాదు, అదే నిచ్చెన. నేను ఆ పిల్లకు జవాబు తెలంగాణ తెలుగులనే చెప్పిన. అరగంట పట్టింది. పదిహేనేండ్ల చదువుల ఎవలూ ఇయ్యని అరగంట అది.

ఇప్పుడు ఆదివారం పూట మా వాడ కమ్యూనిటీ హాల్ల కూసుంటున్నం. గోడకు రెండు చార్టులు అతికించినం. ఒకదాని మీద 'టు' లేకుంట నడిచే క్రియలు, ఇంకొకదాని మీద 'టు' అడిగే క్రియలు. పిల్లలు వారం వారం కొత్తయి పట్టుకొచ్చి రాస్తరు. ఎక్స్‌ప్లెయిన్ అనే మాటను ఆ పిల్లనే తన చేతితోని రాసింది. వచ్చే నెల ఇంకొక ఇంటర్వ్యూ ఉన్నది, పోత అన్నది.

యూనివర్సిటీలల్ల ఉన్న తమ్ముళ్లు, చెల్లెండ్లు సెలవులకు ఊరికి వచ్చినప్పుడు మీ వాడల ఒక గోడ, రెండు చార్టులు పెట్టండి. ఎవలన్న తప్పు మాట్లాడితె నవ్వకండి. ఆ తప్పు వెనుక ఉన్న తెలుగు మాట ఏందో అడగండి. పాఠం అక్కడి నుంచే మొదలైతది.

జై భీమ్. 8వ భాగం వచ్చే ఆదివారం.